అక్కయ్య ఇల్లు ఖాళీ చెయ్యకండి

కాకినాడలో మా అక్కయ్య వంటింట్లో పొయ్యి దగ్గరకి వెళ్ళాలంటే పక్కకి తిరిగి నడవాల్సి వచ్చేది. ఎడంపక్క నడుమెత్తున పాత పేపర్లు. కుడిపక్క బియ్యం సంచుల్లో కుక్కిన ఐస్‌క్రీం డబ్బాలు, కాజాల డబ్బాలు, హార్లిక్స్ సీసాలు. పొయ్యికి రెండు బర్నర్లున్నా ఒకదాని మీద ఎప్పుడూ అట్టపెట్టెలే ఉండేవి, వంటంతా రెండోదాని మీదే. పడగ్గదిలో పందిరిమంచం ఉంది గానీ దాని మీద మనిషికి చోటు లేదు. ఆవిడ హాల్లో చాప వేసుకుని పడుకునేది. పెరటి తలుపుకి అడ్డంగా ట్రంకుపెట్టెలు, వాటి నిండా పేరంటాల్లో పెట్టిన జాకెట్టు ముక్కలు, వాటి మీద పోయిన బావగారి ఆఫీసు కాగితాలు. ఆ తలుపు తీసి ఎన్నేళ్ళయిందో ఇంట్లో ఎవరూ చెప్పలేకపోయేవారు.

అలాగని ఆవిడ శుభ్రం తెలీని మనిషి కాదు. తెల్లవారకముందే లేచి కళ్ళాపి చల్లి, ముగ్గు పెట్టి, తలస్నానం చేసి దీపం వెలిగించే మనిషి. జ్ఞాపకశక్తి అమోఘం. మా చిన్నప్పుడు పెద్దాపురంలో ఎవరి పెళ్ళికి ఏ స్వీటు వడ్డించారో ఇప్పటికీ చెబుతుంది. వీధిలోవాళ్ళు పిసినారి అనేవారు. పనిమనిషి కూతురి కాలేజీ ఫీజు కట్టిన మనిషి పిసినారి ఎలా అవుతుంది? కోడలు చాదస్తం అంది. బంధువుల్లో ఒకాయన ఏకంగా గాలి సోకిందన్నాడు. జబ్బు అని మాత్రం ఎవరూ అనలేదు, ఎందుకంటే ఇలాంటి జబ్బొకటి ఉందని మా బంధువర్గంలో ఎవరికీ తెలీదు.

ఉంది. దాన్ని హోర్డింగ్ డిజార్డర్ అంటారు. వస్తువుకి విలువ ఉన్నా లేకపోయినా దాన్ని వదులుకోవడం మనిషి వల్ల కాదు. వదలాలంటే గుండెల్లో బాధ పుడుతుంది. దాంతో సామాను పేరుకుపోయి, ఏ గది ఏ పనికోసం కట్టారో ఆ పనికి పనికిరాకుండా పోతుంది. అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013లో తన రోగనిర్ధారణ గ్రంథం అయిదో కూర్పులో దీన్ని విడి జబ్బుగా చేర్చింది. అంతకుముందు దీన్ని ఎక్కువగా ఓసీడీలో, అంటే ఒకే ఆలోచనో పనో పదేపదే పట్టి పీడించే జబ్బులో, ఒక లక్షణంగా చూసేవారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల పట్టిక పదకొండో కూర్పులోనూ ఇది ఉంది, ఆ పట్టిక 2022 జనవరి నుంచి అమల్లో ఉంది. మా అక్కయ్య బాధ వయసు చూస్తే, పుస్తకాల్లో ఈ జబ్బు వయసు చాలా చిన్నది. అందుకే మన ఊళ్ళలో చాలామంది కుటుంబ వైద్యులకి కూడా ఇది వెంటనే తట్టదు. ఎక్కువగా సంపన్న దేశాల్లో జరిగిన అధ్యయనాలన్నీ కలిపి 2019లో ఒక లెక్క వేస్తే నూటికి రెండున్నర మందికి ఇది ఉన్నట్టు తేలింది. ఆడవాళ్ళకీ మగవాళ్ళకీ పెద్దగా తేడా లేదు.

మన ఇళ్ళల్లో అటక మీద సామాను లేని ఇల్లెక్కడుంది? అమ్మమ్మల నాటి ఇత్తడి గుండిగలు, తెగిన కుర్చీలు, పిల్లల పాత పుస్తకాలు అందరికీ ఉంటాయి. అది జబ్బు కాదు. స్టాంపులో నాణేలో సేకరించేవాళ్ళదీ జబ్బు కాదు, వాళ్ళు వాటిని వరసగా పేర్చుకుని నలుగురికీ చూపించి మురిసిపోతారు. ఈ జబ్బున్న మనిషి ఎవరైనా తలుపు కొడితే గడపలోనే నిలబెట్టి మాట్లాడి పంపేస్తుంది. వంటింట్లో వండుకోగలుగుతున్నారా, మంచం మీద పడుకోగలుగుతున్నారా, బాత్రూంలోకి తేలిగ్గా వెళ్ళగలుగుతున్నారా, ఇంటికి మనుషుల్ని పిలవగలుగుతున్నారా? వీటికి లేదన్న జవాబు వస్తుంటే అనుమానించాలి. ముసలితనంలో ఉన్నట్టుండి మొదలైతే మాత్రం ముందు మతిమరుపు జబ్బుల పరీక్షలు చేయించాలి. మెదడు జబ్బుల వల్ల కూడా మనుషులు సామాను పోగేస్తారు, దాని వైద్యం వేరు.

మా అక్కయ్యకి ఇది ముసలితనంలో వచ్చింది కాదు. చిన్నప్పుడు బలపం ముక్కలు, పగిలిన గాజుల ముక్కలు, పలకల చెక్కచట్రాలు అగ్గిపెట్టెల్లోనూ డబ్బాల్లోనూ దాచేది. సాధారణంగా ఇది పదకొండు, పదిహేనేళ్ళ మధ్యలోనే తలెత్తుతుందనీ, వయసుతోపాటు ముదురుతుందనీ వైద్యులంటారు. మరి అప్పుడెందుకు కనపడలేదంటే, పుట్టింట్లో మా అమ్మ ఎప్పటికప్పుడు ఏరి పారేసేది. అత్తవారింట్లో బావగారు ఒకటో తారీకున పాతపేపర్లవాణ్ణి పిలిచి తూకం వేయించేసేవారు. ఆయన పోయాక ఆ పని చేసేవాళ్ళు లేరు, ఆవిడకి తోడూ లేదు. ఇల్లు నిండడం అప్పుడు మొదలైంది. బయటికి కనపడింది అప్పుడే గానీ విత్తనం ఎప్పుడో పడింది.

ఇది కుటుంబాల్లో నడుస్తుంది. ఈ జబ్బున్నవాళ్ళలో సుమారు సగంమంది తమ దగ్గరి బంధువుల్లో ఇలాంటివాళ్ళు ఉన్నారని చెబుతారు. మా నాన్నగారు బస్సు టిక్కెట్లతో సహా తీగకి గుచ్చి గోడకి వేలాడదీసేవారు. ఆ తీగల గుత్తులు ఆయన పోయేనాటికి ఒక గది గోడంతా ఉన్నాయి. అప్పట్లో దాన్ని మేం జాగ్రత్త అనుకున్నాం. బహుశా జాగ్రత్తే కావచ్చు, ఇప్పుడు తేల్చడం కష్టం.

కరువు చూసిన తరం కాబట్టి ఏదీ పారెయ్యలేరు అని అందరూ అనే మాట. పరిశోధకులు ఈ కోణంలో వెతికారు. చిన్నతనంలో పేదరికానికీ ఈ జబ్బుకీ గట్టి సంబంధం వాళ్ళకి దొరకలేదు. మనసుని కుదిపేసిన సంఘటనలతో మాత్రం సంబంధం కనపడింది. ఈ మాట చదివినప్పుడు నాకు 1996 నవంబరు 6 గుర్తొచ్చింది. ఆ రాత్రి తుఫాను కోనసీమని ఊడ్చేసినప్పుడు అక్కయ్యావాళ్ళు ముమ్మిడివరం వైపు ఒక పల్లెటూళ్ళో ఉన్నారు. మనుషులు బతికి బయటపడ్డారు. పెళ్ళి ఫొటోలు, మా అమ్మ రాసిన ఉత్తరాలు, పిల్లాడి చిన్నప్పటి బట్టలు నీళ్ళపాలయ్యాయి. కాకినాడ వచ్చేశాక ఆవిడ కాగితాన్ని పట్టుకునే తీరే మారిపోయింది. తుఫాను వల్లే జబ్బొచ్చిందని నేననను. ఉన్నదాన్ని అది బలంగా తోసిందని నా నమ్మకం.

ఏదైనా పారేద్దామంటే ఆవిడ దగ్గర ప్రతి వస్తువుకీ ఒక జవాబు ఉంటుంది. కుక్కరు వాచరు పాడైనా మళ్ళీ ఎందుకైనా పనికొస్తుంది. ఐస్‌క్రీం డబ్బాలో వచ్చినవాళ్ళకి పులిహోర పెట్టి ఇవ్వొచ్చు. వారపత్రికలో సీరియల్ సగం చదివి ఆపింది. బావగారి కరెంటాఫీసు కాగితాల మీద ఆయన చేతిరాత ఉంది. అన్నిటికన్నా కష్టం శుభలేఖలు. అవి ఆ ఇంట్లో సంచులకొద్దీ ఉన్నాయి. “పసుపు రాసిన కాగితమే. పైన వేంకటేశ్వరస్వామి ఉన్నాడు, లోపల ఆ పిల్లల పేర్లున్నాయి. చెత్తబుట్టలో ఎలా వేస్తానే?” అని నన్ను అడిగింది. నా దగ్గర జవాబు లేదు. మీ దగ్గరా ఉండకపోవచ్చు. మనమంతా శుభలేఖ పారేసేటప్పుడు ఒక్క క్షణం చెయ్యి ఆపినవాళ్ళమే. మన చెయ్యి ఒక్క క్షణం ఆగితే ఆవిడది ఆగిపోతుంది.

ఆ ఆగిపోవడం మెదడులో కూడా కనపడుతుంది. అమెరికాలో డేవిడ్ టోలిన్ బృందం 2012లో ప్రచురించిన అధ్యయనంలో, ఈ జబ్బున్నవాళ్ళని స్కానింగ్ యంత్రంలో పడుకోబెట్టి కాగితాలు చూపించారు. కొన్ని వాళ్ళ ఇంటికి వచ్చినవి, కొన్ని వేరేవాళ్ళవి. ఉంచాలా, చింపెయ్యాలా చెప్పమన్నారు. తమ కాగితాల విషయంలో నిర్ణయం తీసుకునేటప్పుడు, ఏది ముఖ్యమో గుర్తించే మెదడు భాగాలు మామూలువాళ్ళలోకన్నా చాలా ఎక్కువగా రేగాయి. వేరేవాళ్ళ కాగితాలప్పుడు అవే భాగాలు మామూలుకన్నా మందకొడిగా ఉన్నాయి. ఇది తెలిశాక ‘మొండితనం’ అన్న మాట నేను మానేశాను. మా ఇంట్లో పనికిరాని సామాను ఏరి పెట్టమంటే అక్కయ్య గంటలో ఏరి పెట్టేస్తుంది, చాలా చక్కగా కూడా. తన ఇంట్లో ఒక గ్యాస్ బిల్లు దగ్గర పూటంతా కూర్చుంటుంది.

ఇలా సామాను పోగేసినవాళ్ళ కథ ఒకటుంది. న్యూయార్కులో హోమర్, లాంగ్లీ కోల్యర్ అనే అన్నదమ్ములుండేవారు. 1933లో అన్న హోమర్‌కి చూపు పోయింది. చూపు తిరిగొచ్చాక చదువుకుంటాడని తమ్ముడు లాంగ్లీ ఏళ్ళ తరబడి దినపత్రికలు దాచాడు. 1947 మార్చి 21న పోలీసులు కిటికీలోంచి లోపలికి వెళ్ళి హోమర్ మృతదేహాన్ని చూశారు. లాంగ్లీ ఏమయ్యాడో తెలియక ఊరంతా వెతికారు. ఏప్రిల్ 8న అదే గదిలో, అన్నకి పది అడుగుల దూరంలో, కాగితాల కింద నలిగిపోయి దొరికాడు. అన్నకి అన్నం తీసుకెళ్తుండగా సామాను మీద పడిందని తేల్చారు. ఆ ఇంట్లోంచి నూట ఇరవై టన్నులకి పైగా సామాను తీశారు. ఈ కథని అక్కడ వింతగా చెప్పుకుంటారు. నేను మాత్రం ఇందులో అన్న మీద తమ్ముడికున్న ప్రేమనీ, సాయం చేసే మనిషి లేకపోవడాన్నీ చూస్తాను.

మా ఇంట్లో ఏం జరిగిందో చెబుతాను. అక్కయ్య కొడుకు హైదరాబాదులో ఉద్యోగం చేస్తాడు. తల్లంటే ప్రాణం. ఆ ఇంట్లో ఎలుకలు, బొద్దింకలు, మధ్యలో డెబ్భై దాటిన తల్లి ఒక్కర్తీ. వాడి భయం వాడిది. ఓ సంక్రాంతికి వచ్చి, అక్కయ్య అన్నవరం దర్శనానికి వెళ్ళినరోజు ట్రాక్టరు మాట్లాడి సగం ఇల్లు ఖాళీ చేయించాడు. మిగిలిన కాగితాలు, తెగిన కుర్చీలు భోగిమంటలో వేశారు. భోగికి పాత సామాను వెయ్యడం ఆనవాయితీయే కదా, అమ్మ కూడా సర్దుకుంటుందనుకున్నాడు. నాకు ఫోను వచ్చింది పండగ రోజు పొద్దున్న. “పిన్నీ, అమ్మ అన్నం ముట్టటంలేదు. నాతో మాట్లాడటంలేదు. నువ్వు రా” అన్నాడు, ఏడుస్తూ. నేను రాజమండ్రి నుంచి వెళ్ళేసరికి ఆవిడ భోగిమంట బూడిద దగ్గర కూర్చుని పుల్లతో కెలుకుతోంది. ఏం వెతుకుతున్నావే అంటే, మీ బావగారి సంతకం అంది.

ఆ తర్వాత చాలాకాలం ఆవిడ కొడుకుని ఇంట్లోకి రానివ్వలేదు. తాళాలు మార్పించింది. ఖాళీ అయిన గదులు మళ్ళీ నిండాయి, ముందుకన్నా తొందరగా. ప్రపంచంలో ఎక్కడ చూసినా ఈ జబ్బు గురించి పనిచేసేవాళ్ళు ఒక మాట గట్టిగా చెబుతారు. బలవంతాన ఇల్లు ఖాళీ చేయిస్తే మనిషి కుంగిపోతుంది, మనవాళ్ళ మీద నమ్మకం పోతుంది, ఇల్లు మళ్ళీ నిండుతుంది. వస్తువుని వదిలే నిర్ణయం ఆ మనిషి చేత్తోనే జరగాలి. వైద్యమంతా ఆ చేతికి బలం ఇవ్వడమే.

అక్కయ్య మానసిక వైద్యం దగ్గరికి వచ్చింది సామాను కోసం కాదు. నిద్ర పట్టడంలేదని, ఏడుపొస్తోందని వచ్చింది. ఇలాగే జరుగుతుందట. ఈ జబ్బున్నవాళ్ళలో సుమారు నాలుగింట మూడొంతులమందికి దిగులు జబ్బో, ఆందోళన జబ్బో తోడుంటుంది. దానికి మందులిచ్చారు. పోగేసే జబ్బుకే ప్రత్యేకించి ఆమోదం పొందిన మందు ఇప్పటికీ లేదు. దిగులు తగ్గితే మిగతా పనికి ఓపిక వస్తుంది.

డాక్టరమ్మ ఫోనులో కొన్ని ఫొటోలు చూపించింది. వంటిల్లు, హాలు, పడగ్గది, ఒక్కోదానికి తొమ్మిదేసి ఫొటోలు, ఖాళీ గదినుంచి కప్పుదాకా నిండిన గదివరకు. అమెరికా పరిశోధకులు రాండీ ఫ్రాస్ట్, గెయిల్ స్టెకెటీ, మరికొందరు కలిసి 2008లో తెచ్చిన కొలమానం ఇది. మీ ఇల్లు ఏ ఫొటోలా ఉంది అంటే అక్కయ్య మూడోది చూపించింది. నేను ఏడోది చూపించాను. డాక్టరమ్మ ఎవరితోనూ వాదించలేదు, రెండూ రాసుకుంది.

మొదటి ఒప్పందంలో పారెయ్యడం అన్న మాటే లేదు. పొయ్యి చుట్టూ కాగితం ఉండకూడదు. పెరటి తలుపు తెరుచుకోవాలి. నడిచే దారిలో కాలికి ఏదీ తగలకూడదు. కరెంటు తీగల మీద బట్టలు, పేపర్లు ఉండకూడదు. తీసినవి వేరే గదిలో పెట్టుకోవచ్చు. దీనికి అక్కయ్య ఒప్పుకుంది, ఎందుకంటే ఇందులో ఆవిడ పోగొట్టుకునేది ఏమీ లేదు. ఇది చిన్న విషయం కాదు. ఆస్ట్రేలియాలో మెల్‌బోర్న్ అగ్నిమాపక శాఖ 1999 నుంచి పదేళ్ళ లెక్కలు తీస్తే, ఇళ్ళలో నివారించదగ్గ అగ్నిప్రమాద మరణాల్లో 24 శాతం ఇలాంటి ఇళ్ళల్లోనే జరిగాయి. ముసలివాళ్ళకి కాలు తట్టుకుని పడి తుంటి ఎముక విరగడం మరో ప్రమాదం. ఎవరింట్లోనైనా ఈ జబ్బుంటే మొట్టమొదట మాట్లాడాల్సింది పొయ్యి గురించీ, నడిచే దారి గురించీ.

ఆ తర్వాత సీబీటీ అనే మాటల వైద్యం. ఒక చిన్న పెట్టె తెచ్చుకుని అందులో ఒక్కో వస్తువునీ చేతిలోకి తీసుకోవాలి. ఇలాంటివి ఇంకా ఎన్నున్నాయి, కిందటిసారి ఎప్పుడు వాడాను, ఇది లేకపోతే ఏమవుతుంది అని తనే పైకి అనుకుని తనే నిర్ణయించాలి. వదిలేటప్పుడు బాధ వందకి ఎంతో చెప్పాలి. మొదట వదిలింది కుక్కరు వాచరు. ఆ కుక్కరు కూడా ఇంట్లో లేదు. అయినా బాధ ఎనభై అంది. మర్నాడు అడిగితే యాభై. తర్వాతి వారానికి దాని మాటే మర్చిపోయింది. బాధ దానంతటది దిగుతుందని ఆవిడ ఒంటికి తెలియాలి, మనం చెబితే చాలదు. ఇంకో పాఠం, బజారుకి వెళ్ళి ఏమీ తేకుండా రావడం. ఈ జబ్బున్నవాళ్ళలో ఎక్కువమంది అవసరం లేకపోయినా కొంటారు, లేదా ఉచితంగా వస్తే తెచ్చుకుంటారు. ‘ఏది తీసుకున్నా పది రూపాయలు’ బండి ముందు నిలబడి, చేతులు కట్టుకుని, ఆ లాగుడు తగ్గేదాకా ఉండి ఇంటికి రావాలి. అక్కయ్యకి అది కుక్కరు వాచరుకన్నా కష్టమైంది.

శుభలేఖలకి దారి ఆవిడే కనిపెట్టింది. ఒక నోటుపుస్తకం కొని, ఒక్కో కార్డులోంచి వధూవరుల పేర్లు, ముహూర్తం తేదీ రాసుకుంది. రాసేసిన కార్డుని నీళ్ళలో నానబెట్టి పెరట్లో కొబ్బరిచెట్టు పాదులో పూడ్చింది. చెత్తబుట్టలో పడలేదు కాబట్టి మనసు ఒప్పుకుంది. నేను కూర్చుని పేర్లు చదివేదాన్ని, ఆవిడ రాసేది. ఒక్కో పేరు దగ్గర ఒక్కో కథ. ఆ మధ్యాహ్నాల్లో నేను విన్న మా బంధువుల చరిత్ర మరెక్కడా వినలేదు.

పూర్తిగా నయమైందా అంటే కాలేదు. ఈ వైద్యంతో చాలామందికి మెరుగవుతుంది, కానీ జబ్బు ఆనవాలు లేకుండా పోవడం తక్కువ. ఇప్పుడు రెండు బర్నర్లూ వెలుగుతున్నాయి. పెరటి తలుపు తెరుచుకుంటోంది. మంచం మీద పడుకుంటోంది. హాలు మాత్రం ఇంకా నిండే ఉంది, కిందటిసారి వెళ్తే కొత్తగా ఒక క్యారీ బ్యాగుల మూట కూడా కనపడింది. కొడుకుతో మాటలు కలిశాయి. వాడు ఇప్పుడు ఏ వస్తువు కదపాలన్నా “అమ్మా, ఇది తియ్యొచ్చా?” అని అడుగుతాడు. వద్దంటే అక్కడే పెట్టేస్తాడు. నన్నడిగితే ఆ ఇంట్లో జరిగిన పెద్ద మార్పు అదే.

మీ ఇంట్లోనో, తెలిసినవాళ్ళ ఇంట్లోనో ఇలాంటి మనిషి ఉంటే, వాళ్ళ సామానుని చెత్త అనకండి. సామాను అనండి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ నంబరు 14416. ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడచ్చు. విశాఖపట్నంలో ప్రభుత్వ మానసిక వైద్యశాల, హైదరాబాదు ఎర్రగడ్డలో మానసిక ఆరోగ్య సంస్థ, బెంగళూరులో నిమ్హాన్స్ ఉన్నాయి. అంతదూరం వెళ్ళలేకపోతే జిల్లా ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఎక్కడుందో అడగండి. సీబీటీ చేసే సైకాలజిస్టు కావాలని, ఓసీడీ వైద్యం తెలిసినవాళ్ళయితే మరీ మంచిదని స్పష్టంగా చెప్పండి. అమెరికాలో ఉన్న మనవాళ్ళకి బోస్టన్‌లోని అంతర్జాతీయ ఓసీడీ ఫౌండేషన్ దగ్గర ఈ జబ్బుకి వైద్యం చేసేవాళ్ళ వివరాలు, సహాయక బృందాల వివరాలు దొరుకుతాయి.

ఆ బృందాల సంగతి మనవాళ్ళు పట్టించుకోవాలి. శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతంలో మూడు వందలమందికి పైగా పాల్గొన్న ఒక అధ్యయనం 2018లో వచ్చింది. సైకాలజిస్టు నడిపిన బృందాల్లో ఎంత మెరుగుదల కనపడిందో, తర్ఫీదు పొందిన మామూలు మనుషులు నడిపిన బృందాల్లోనూ అంతే కనపడింది. సైకాలజిస్టులు తక్కువున్న మన జిల్లాల్లో ఇది చెయ్యదగ్గ పని. ఒక గ్రంథాలయం గది, వారానికి ఒక సాయంత్రం, నడిపేవాళ్ళకి కాస్త తర్ఫీదు చాలు. కాకినాడలోనో రాజమండ్రిలోనో ఎవరైనా మొదలుపెడితే మా అక్కయ్య వస్తానంది. నేనూ వస్తాను.

ఆ మనిషి డాక్టరు దగ్గరికి రానంటే మీరొక్కరే వెళ్ళండి. ఇంట్లోవాళ్ళు ఎలా మాట్లాడాలో నేర్చుకోవడం కూడా వైద్యంలో భాగమే. ట్రాక్టరు మాట్లాడే ముందు 14416కి ఫోను చెయ్యండి.